ఏసీ కింద బకెట్టు

వేసవిని తిట్టుకోవడానికి మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి వడ, రెండోది ఉక్క. రామగుండంలో మే నెల మధ్యాహ్నం బయటికెళ్తే తగిలేది వడ. నోరు పిడచ కట్టుకుపోతుంది, చెమట పట్టినట్టే తెలియదు. కాకినాడలో జూన్ మొదట్లో, వాన ఇంకా రాకముందు చుట్టుముట్టేది ఉక్క. ఉష్ణమాపకం 36 మాత్రమే చూపిస్తున్నా చొక్కా వీపుకి అంటుకుపోతుంది. తెలంగాణలో దీన్నే ఉడుకపోత అంటారు. ఏసీ అమ్మేవాడు మాత్రం మీ ఊళ్లో వడా, ఉక్కా అని అడగడు. గది పొడవు, వెడల్పు అడిగి టన్నులు చెబుతాడు.

నేను జుబైల్‌లో దిగినప్పుడు నాకూ ఆ తేడా గుర్తు రాలేదు. సౌదీ అంటే ఎడారి, ఎడారి అంటే పొడి అనుకుంటూ దిగాను. ఆగస్టులో ఒక రాత్రి ఏసీ గదిలోంచి తలుపు తీసుకుని బయటికి రాగానే కళ్లజోడు మొత్తం తెల్లగా మసకబారింది. తుడిస్తే మళ్లీ పట్టింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టడం చూస్తూ పెరిగినవాడిని. అప్పుడు ఆ సీసాని నేనే.

జుబైల్ సౌదీ అరేబియా తూర్పు తీరంలో, దమ్మాంకు ఉత్తరంగా, గల్ఫ్ నీళ్ల ఒడ్డున ఉంది. ఒకప్పుడు ముత్యాలవేటగాళ్ల ఊరు. 1933 సెప్టెంబరులో అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు చమురు వెతకడానికి వచ్చి మొదట కాలు పెట్టింది ఇక్కడే. 1975లో జుబైల్, యాన్బూ నగరాల కోసం రాయల్ కమిషన్ ఏర్పడ్డాక పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల మహానగరంగా మారింది. షట్‌డౌన్ పనులకు వచ్చే ఫిట్టర్లు, వెల్డర్లు, ప్లాంటుల్లో ఇంజినీర్లు, క్యాంపుల్లో వంటవాళ్లు, ఇలా మనవాళ్లు ఇక్కడ చాలామందే. వేసవి ఇక్కడ రెండు వేషాలు వేస్తుంది. జూన్, జులైల్లో వాయవ్యం నుంచి షమాల్ గాలి ఇసుకను మోసుకుంటూ వీస్తుంది. అది వడ. ఆ గాలి తగ్గి సముద్రపు తేమ ఊరి మీద కూర్చుంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యేది ఉక్క.

ఆ ఉక్క ఒక్కోసారి జులైలోనే వచ్చేస్తుంది. అది ఎంతటిదో చెప్పడానికి ఒక అంకె ఉంది. జుబైల్‌కు దక్షిణాన, ఇదే తీరంలో ఉన్న ధహ్రాన్‌లో 2003 జులై 8న గాలి వేడి 42 డిగ్రీలు, మంచుబిందు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు నమోదయ్యాయి. గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతే మంచుబిందు. మన చర్మం వేడి కూడా దాదాపు 35 డిగ్రీలే. అంటే ఆ రోజు బయట నిలబడినవాడి చర్మం మీద చెమటకి, చుట్టూ ఉన్న గాలికి ఆవిరి ఒత్తిడిలో తేడా లేదు. చెమట పోస్తుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచలేదు, అది వట్టి నీళ్లు.

వట్టివేళ్ల తడికలు ఉక్క రోజుల్లో పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. తడిక మీద చల్లిన నీళ్లు ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. సౌదీలో 'సహరావీ' అని పిలిచే ఎడారి కూలర్ రియాద్ పొడిగాలిలో హాయిగా నడుస్తుంది. జుబైల్‌లో షమాల్ వీచే రోజుల్లో కూడా ఒక మోస్తరుగా నడుస్తుంది. ఆగస్టులో దాన్ని వేస్తే గదిలో ఇంకాస్త ఉక్క పోయడం తప్ప ప్రయోజనం లేదు. చవగ్గా వచ్చిందని కొన్న ఒక మిత్రుడు చివరికి దాన్ని హరాజ్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, ఎంతకొస్తే అంతకి వదిలించుకున్నాడు.

అలా వచ్చాం విండో ఏసీ దగ్గరికి. నా గదికి పాతది చెడిపోయింది. కొత్తది కొనాలి. గోడకు కన్నం, అందులో చెక్క చట్రం ముందే ఉన్నాయి. గల్ఫ్‌లో పాత ఇళ్లు, క్యాంపులు ఎన్నో అలాగే కట్టారు. నిజానికి ఏం కొనాలో సగం ఆ కన్నమే తేల్చేస్తుంది. టేపు తీసుకుని కన్నం కొలవకుండా కొట్టుకి వెళ్లడం, కాలి కొలత తెలియకుండా చెప్పులు కొన్నట్టే. ఏసీలు బిగించే కుర్రాడిది జగిత్యాల. వచ్చి గది చూశాడు.

"అన్నా, రెండు టన్నులది తీస్కో. చిన్నది పెట్టుకున్నవంటే ఎండకాలం సస్తవ్."

"గది నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లే కదా తమ్ముడూ!"

"పెద్దదైతే జల్ది సల్లగైతది. ఇంకేంగావాలె?"

అతని మాటలో అబద్ధం లేదు. పెద్దది గబగబా చల్లబరుస్తుంది. చిక్కంతా ఆ గబగబాలోనే ఉంది. అది చెప్పాలంటే ముందు టన్ను సంగతి తేల్చాలి.

ఏసీ టన్ను బరువు కాదు, ఐసుగడ్డల కాలం నాటి కొలత. ఒక అమెరికా టన్ను, అంటే 2000 పౌండ్ల మంచుగడ్డ, ఒక రోజంతా కరిగి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని రోజుకి తోడిపోసే యంత్రం ఒక టన్ను యంత్రం. లెక్క కడితే గంటకు 12,000 బీటీయూలు, మన కరెంటు భాషలో సుమారు మూడున్నర కిలోవాట్లు. సౌదీ కొట్లలో టన్ను మాట తక్కువ, పెట్టె మీద 18,000 అనో 24,000 అనో బీటీయూలే రాస్తారు. మొదటిది ఒకటిన్నర టన్ను, రెండోది రెండు.

"తోడిపోసే" అన్న మాట కావాలనే వాడాను. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. బావిలోంచి నీళ్లు తోడినట్టు గదిలో వేడిని తోడి గోడ అవతల పారబోస్తుంది. ఆ పనిలోనే గాలిలోని తేమనీ పిండుతుంది. లోపలి రాగి గొట్టాల చుట్టూ ఉన్న అల్యూమినియం రేకులు పది డిగ్రీలకు అటూ ఇటుగా ఉంటాయి, గదిగాలి వాటిని తాకగానే ఆవిరి బొట్లు కడుతుంది. అసలు ఈ యంత్రం పుట్టిందే తేమ మీద యుద్ధానికి. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు ఆ తేమను అదుపు చేయడానికి గీసిన పథకమే ఆధునిక ఏసీకి ఆది. మనుషుల సుఖం ఆ తర్వాత వచ్చిన ఆలోచన.

తేమను పిండడానికి ఎంత శక్తి పోతుంది? దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, బకెట్టు చాలు. పాత ఏసీ బతికున్న రోజుల్లో దాని వెనక కారే గొట్టం కింద బకెట్టు పెట్టి గడియారం చూశాను. ఆగస్టు రాత్రి గంటకు లీటరున్నర దాకా పడింది. జూన్‌లో షమాల్ వీచిన మధ్యాహ్నం పావు లీటరు కూడా పడలేదు. ఒక లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి దాదాపు 0.68 యూనిట్లు. ఆ వేడినంతా ఏసీయే మోయాలి. లీటరున్నర అంటే గంటకు ఒక యూనిట్. 18,000 బీటీయూల యంత్రం మొత్తం సత్తా గంటకు అయిదు యూనిట్ల పైచిల్లర. అంటే అయిదో వంతు శ్రమ గదిని చల్లబరచడానికి కాదు, సముద్రాన్ని పిండడానికి పోతోంది.

ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? ఇద్దరు మనుషుల ఊపిరి, చెమట కలిపినా గంటకు ఒక గ్లాసు నిండదు. మిగతాది తలుపు కింది సందులోంచి వస్తోంది. మంచుబిందు 30 డిగ్రీలున్న రాత్రి బయట ఒక ఘనమీటరు గాలిలో 30 గ్రాముల నీరుంటుంది. గదిలో 24 డిగ్రీలు, సగం తేమ ఉంటే 11 గ్రాములు. నాలుగు మీటర్ల గది, మూడు మీటర్ల ఎత్తు, 48 ఘనమీటర్ల గాలి. అదంతా ఒక్కసారి బయటి గాలితో మారితే దాదాపు తొమ్మిది వందల గ్రాముల నీరు లోపలికి వచ్చినట్టే. తలుపు కింద గుడ్డ చుట్టి పెట్టడం, కన్నానికీ ఏసీకీ మధ్య ఖాళీని ఫోమ్‌తో మూయడం చాదస్తంలా కనిపిస్తాయి కానీ, బకెట్టు ముందు పెట్టుకుని చూస్తే ఎంత మిగులుతుందో తెలుస్తుంది. విండో ఏసీకి బయటిగాలి రావడానికి ఒక చిన్న మీట ఉంటుంది. చాలామంది ఇళ్లలో అది తెలియకుండానే తెరిచి ఉంటుంది.

ఇప్పుడు జగిత్యాల తమ్ముడి రెండు టన్నుల దగ్గరికి వద్దాం. ఇన్వర్టర్ లేని మామూలు విండో ఏసీ కంప్రెసర్‌కి రెండే స్థితులు: నడవడం, ఆగడం. థర్మోస్టాట్ చూసేది వేడినే, తేమని కాదు. చిన్న గదిలో పెద్ద యంత్రం కొద్ది నిమిషాల్లో 24 చేరుకుని ఆగిపోతుంది. రేకుల మీద పట్టిన నీరు ఇంకా కారనే లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటే ఆ నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వచ్చేస్తుంది. కాసేపటికి మళ్లీ కంప్రెసర్, మళ్లీ ఆపు. గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా, గోడమూల బూజు వాసనగా. చల్లటి ఉక్క అన్నమాట. దాన్ని తట్టుకోలేక 24ని 20కి దించుతారు, బిల్లు పెరుగుతుంది. సరిపడా యంత్రమైతే ఎక్కువసేపు నిదానంగా నడుస్తూ నీటిని బయటికి కార్చేస్తుంది, 25, 26 దగ్గరే నిద్ర పడుతుంది. కంప్రెసర్ ఆగినప్పుడు ఫ్యాను కూడా ఆగే ఏర్పాటు ఉంటే రాత్రుళ్లు దాన్నే వాడాలి.

అలాగని చిన్నది కొనేసి సరిపెట్టుకోమనడం లేదు. నా గది పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి 18,000 సరిపోయింది. అదే గది డాబా కిందుంటే కథ వేరు. ఉష్ణబంధనం లేని కాంక్రీటు స్లాబు, జులై ఎండకి మాడి, 16 చదరపు మీటర్ల గదిలోకి ఒకటిన్నర కిలోవాట్ల దాకా వేడి దింపగలదు. సాయంత్రం ఏడింటికి ఎండ పోయినా స్లాబు రాత్రి పదకొండు దాకా పొయ్యిమీద పెనంలా ఉంటుంది. పడమటి గోడ, అద్దాల కిటికీ కూడా ఇలాంటివే. అందుకే పొడవు, వెడల్పుల కన్నా "పైన ఏముంది?" అన్నది ముఖ్యమైన ప్రశ్న. అది అడిగే దుకాణదారుణ్ని నేనింకా చూడలేదు.

పెట్టె మీది 18,000 కూడా ఎప్పుడూ 18,000 కాదు. అంతర్జాతీయ ప్రమాణంలో ఏసీ సత్తా కొలవడానికి వేర్వేరు వాతావరణాలున్నాయి. టీ1లో బయట 35 డిగ్రీలు. టీ3లో బయట 46. గల్ఫ్ దేశాల కోసమే అన్నట్టున్న రెండో కొలతను సౌదీ ప్రమాణాల సంస్థ సాసో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం మొదటిదే. యంత్రం పక్కన అతికించిన పలక మీద రెండో అంకె వెతకాలి. రెండింటి మధ్య పదో వంతో, ఇంకాస్త ఎక్కువో తగ్గి ఉంటుంది, వాడే కరెంటు మాత్రం పెరుగుతుంది.

ఎందుకు తగ్గుతుందో సూత్రం చిన్నదే. ఎంత లోతు బావిలోంచి తోడితే అంత శ్రమ. గది 24 డిగ్రీలు, బయట 35 అయితే వేడిని 11 మెట్లు ఎక్కించాలి, బయట 46 అయితే 22 మెట్లు. కార్నో సూత్రం ప్రకారం, ఏ లోపమూ లేని ఆదర్శ యంత్రం ఒక యూనిట్ కరెంటుతో మొదటి సందర్భంలో 27 యూనిట్ల వేడిని తోడగలదు, రెండోదానిలో పదమూడున్నర మాత్రమే. నిజం యంత్రాలు వీటికి చాలా దూరంలో, ఒకటికి మూడు దగ్గర ఉంటాయి. అయినా దిగజారే దారి అదే.

దీనికితోడు లోపలి గ్యాసు గుణం ఒకటుంది. బయటి గాలికి వేడి వదలాలంటే గ్యాసు దానికన్నా పదిహేను డిగ్రీలైనా ఎక్కువ వేడిగా ఉండాలి. ఒక వేడి తర్వాత ఎంత నొక్కినా గ్యాసు ద్రవం కాదు. పాత ఆర్22కి ఆ హద్దు 96 డిగ్రీలు. ఓజోన్ పొరకు చేటని 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని క్రమంగా సాగనంపుతోంది. దాని స్థానంలో వచ్చిన ఆర్410ఏకి హద్దు 72 దగ్గరే. ఆర్32కి 78. బయట 46 ఉంటే గ్యాసు 61కి చేరుతుంది, పర్వాలేదు. కానీ క్యాంపుల్లో చూడండి, రెండు వరసల గదుల మధ్య ఇరుకు సందు, అటు ఇరవై ఏసీలు, ఇటు ఇరవై, అన్నీ ఎదురెదురుగా ఒకదాని ముఖాన ఒకటి వేడిగాలి ఊదుకుంటూ. ఆ సందులో మధ్యాహ్నం నడిస్తే ఊళ్లో వేడికన్నా అయిదారు డిగ్రీలు ఎక్కువని ఒంటికే తెలుస్తుంది. అక్కడ గ్యాసు తన హద్దుకి అంగుళం దూరంలో పనిచేస్తుంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీలో నియమం ఉంది. ఆ మూడు గంటలూ మనిషికి విశ్రాంతి, సందులోని యంత్రాలకు పరీక్ష.

ఇదే ఊళ్లో ఫ్యాక్టరీలు ఈ చిక్కును ఇంకోలా దాటాయి. పారిశ్రామిక నగరంలో సముద్రపు నీటిని పెద్ద పెద్ద కాలవల్లో ప్లాంటుల దాకా తెచ్చి, యంత్రాల వేడిని ఆ నీటికి అప్పగించి, తిరిగి సముద్రంలోకి పంపుతారు. ప్రపంచంలో ఈ రకం ఏర్పాట్లలో ఇది అతి పెద్దవాటిలో ఒకటి. నడివేసవి మధ్యాహ్నాల్లో సముద్రం గాలికన్నా దాదాపు పది డిగ్రీలు చల్లన. మన కిటికీ యంత్రానికి ఆ భోగం లేదు. దానికి ఇవ్వగలిగింది కాస్త నీడ, వెనక మూడడుగుల ఖాళీ.

కొన్ని విండో ఏసీల్లో మాత్రం ఒక చిన్న తెలివి ఉంటుంది. వెనక ఫ్యాను చుట్టూ ఒక రింగు. పిండిన చల్లటి నీటిని అది వేడి గొట్టాల మీద చిమ్ముతుంది. మన బకెట్టు నీళ్లే యంత్రానికి ఒళ్లు తడుపుతాయన్నమాట. లోపల నీళ్లు చిలికినట్టు చప్పుడు వస్తే చెడిపోయిందనుకుని మెకానిక్‌ని పిలవకండి. ఏసీ వెనక్కి కొద్దిగా వాలి ఉండాలనేది ఇందుకే. లేకపోతే నీళ్లు మంచం మీద పడతాయి.

సముద్రం ఇచ్చేది తేమ ఒక్కటే కాదు, ఉప్పు కూడా. రాగి గొట్టం, అల్యూమినియం రేకు, మధ్య ఉప్పుతేమ: ఇది ఇంచుమించు ఒక బ్యాటరీ. అందులో అరిగిపోయేది అల్యూమినియం. ఫనాతీర్ తీరం దగ్గర రెండు వేసవులు గడిపిన ఏసీ వెనక రేకుల్ని వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలడం చూశాను. నీలమో బంగారు రంగో పూత ఉన్న రేకులు కొంత ఎక్కువ కాలం ఆగుతాయి. కొట్లో ముందు మూత రంగు చూసే బదులు వెనక్కి తిప్పి రేకులు చూడాలి. అయినా ఆర్నెల్లకోసారి మంచినీళ్లతో కడగాల్సిందే. షమాల్ రోజుల్లో లోపలి జాలీని వారానికోసారి.

కరెంటు సంగతి. సౌదీ ఇళ్లలో 2017 చివరిదాకా మొదటి రెండు వేల యూనిట్లు అయిదేసి హలాలాలే (నూరు హలాలాలు ఒక రియాల్). 2018 జనవరి నుంచి ఆరువేల యూనిట్ల దాకా 18 హలాలాలు, ఆపైన 30. దానిమీద ఇప్పుడు 15 శాతం పన్ను. యూనిట్ నాలుగు రూపాయల చిల్లర అన్నమాట. 18,000 బీటీయూల యంత్రం సామర్థ్య సంఖ్య, అంటే ఒక వాటుకి గంటకు ఎన్ని బీటీయూలన్నది, 10 అయితే 1800 వాట్లు తాగుతుంది. 8 అయితే 2250. రోజుకు పన్నెండు గంటలు కంప్రెసర్ నడిస్తే నెలకు 162 యూనిట్ల తేడా. జుబైల్‌లో అది పన్నుతో 33 రియాళ్లు, బకాలాలో, అంటే వీధి కిరాణా కొట్లో, వారం కూరగాయలు. పై శ్లాబుల్లో యూనిట్ తొమ్మిది, పది రూపాయలున్న హైదరాబాద్‌లో, విజయవాడలో పదిహేను వందల రూపాయలు. కరెంటు చవకైన చోట చెడ్డ యంత్రం తన చెడుతనాన్ని చాలాకాలం దాచుకోగలదు. క్యాంపులో బిల్లు కంపెనీది కాబట్టి అసలు ఎవరికీ కనపడదు.

ఆఫీసుకి కొనేటప్పుడు ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. సైటు దగ్గర రేకుల పోర్టా క్యాబిన్‌ని తీసుకోండి. గోడలు పలచన, పని పగలే, తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది. కూర్చున్న ఒక్కో మనిషి వంద వాట్ల బల్బు, పైగా కంప్యూటర్లు, జిరాక్స్ మిషను. ఇక్కడ ఒక పెద్దదానికన్నా రెండు చిన్నవి నయం. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది, తేమ ఎక్కువ, వేడి తక్కువ ఉన్న రోజు ఒక్కటే నిదానంగా నడపొచ్చు. స్ప్లిట్ కన్నా విండోయే ఇప్పటికీ ఇక్కడ చెల్లుబాటు కావడానికి కారణమూ సూటిగానే ఉంది. గొట్టాలు కలపడం, గ్యాసు నింపడం ఉండదు. చెడితే ఇద్దరు లాగి పక్కన పెట్టి, ఇంకోటి తోసి, ప్లగ్గు పెడతారు. పావుగంట పని. పాత భవనాల్లో 127 వోల్టుల ప్లగ్గులు ఇంకా కనిపిస్తాయి, ఏసీకి కావలసింది పెద్ద వోల్టేజీ ప్లగ్గు అని చూసుకుంటే చాలు.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా ఇంటికి కార్టన్లు కట్టేవాళ్లకి. మా క్యాంపులో ఒకాయన ఒప్పందం ముగిసి వెళ్తూ, ఇక్కడ చవకని కొత్త విండో ఏసీని సీ కార్గోలో ఊరికి పంపాడు. వోల్టేజీ దాదాపు సమానమే కదా అనుకున్నాడు. సౌదీ కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మనది 50 సార్లు. ఆ ఊపుతోనే తిరిగే మోటారు మన దగ్గర ఆరో వంతు నెమ్మదిస్తుంది, వేడిని తోడే పని తగ్గుతుంది. అదే వోల్టేజీకి తక్కువ ఊపు అందేసరికి మోటారు ఇనుములో అయస్కాంతత్వం హద్దు దాటి చుట్టలు వేడెక్కుతాయి. మొదటి ఎండాకాలం గడవకముందే కంప్రెసర్ కాలిపోయింది. ఫోన్‌లో ఆయన, "మనూరి కరెంటే మంచిది కాదన్నా" అన్నాడు. కరెంటులో తప్పేం లేదు, అరవైకి పుట్టిన యంత్రాన్ని యాభైతో నడిపించారు.

నేను చివరికి కొన్నది 18,000ది, పూత రేకులది. జగిత్యాల తమ్ముడు తల అడ్డంగా ఊపుతూనే బిగించాడు. గొట్టం కింద బకెట్టు మామూలే. జుబైల్‌లో కొళాయిలో వచ్చేది కూడా సముద్రాన్ని శుద్ధి చేసిన నీరే, ఇక్కడి కేంద్రం నుంచి రియాద్ దాకా గొట్టాల్లో పోతుంది. బకెట్టులోది కూడా సముద్రమే, కాకపోతే గాలి మీదుగా వచ్చింది. ఉప్పు లేదు కానీ దుమ్ము కలిసింది, తాగడానికి పనికిరాదు. పొద్దున్నే దాన్ని బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోస్తాను. ఆగస్టులో మొక్కకి చాలా మిగిలిపోతుంది. జూన్‌లో కొళాయి నీళ్లు కలపాల్సివస్తుంది.